పక్క దేశపు చట్టం మనకెందుకు? ఏషియన్ లా ఇన్‌స్టిట్యూట్ ఏం చేస్తుంది?

మోసం చేసేవాణ్ని మనవాళ్లు 'ఫోర్ ట్వంటీ గాడు' అంటారు. ఆ మాట భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్ నుంచి వచ్చింది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, మయన్మార్, మలేసియా, సింగపూర్ దేశాల్లో కూడా మోసానికి సెక్షన్ నంబర్ 420నే! మన దగ్గర మాత్రం 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అది 318(4) అయింది. నంబర్ పుట్టిన చోట పోయింది, పక్క దేశాల్లో మిగిలింది.

ఒకే చట్టం ఇన్ని దేశాలకు ఎలా వెళ్లింది? వెళ్లాక ఎక్కడ ఎలా మారింది? ఒక దేశం తీర్పు ఇంకో దేశం కోర్టులో నిలుస్తుందా? ఇలా దేశాల చట్టాలను పక్కపక్కన పెట్టి చూడటాన్నే తులనాత్మక న్యాయ అధ్యయనం అంటారు. ఆసియాలో ఈ పని కోసం లా కాలేజీలు కలిసి పెట్టుకున్న సంస్థే ఏషియన్ లా ఇన్‌స్టిట్యూట్. పొట్టిగా 'ఆస్లీ' అంటారు.

ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

2003 మార్చిలో ఆసియాలోని ప్రముఖ లా కాలేజీలు కలిసి దీన్ని ఏర్పాటు చేశాయి. సచివాలయం నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ న్యాయ విభాగంలో ఉంది. మన దేశం నుంచి బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా యూనివర్సిటీ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటి.

పేరులో ఇన్‌స్టిట్యూట్ అని ఉన్నా ఇది డిగ్రీలు ఇచ్చే కాలేజీ కాదు. తీర్పులు ఇచ్చే కోర్టు అంతకన్నా కాదు. న్యాయశాస్త్ర పరిశోధకులను ఒకచోటికి తెచ్చే వేదిక. ఏటా సదస్సు జరుపుతుంది. సభ్య సంస్థల అధ్యాపకులు సింగపూర్ వచ్చి పరిశోధన చేసుకోవడానికి ఫెలోషిప్‌లు ఇస్తుంది. పరిశోధన పత్రాలు విడుదల చేస్తుంది. 2006లో మొదలైన 'ఏషియన్ జర్నల్ ఆఫ్ కంపారెటివ్ లా' అనే పత్రిక కూడా దీని చొరవతో వచ్చిందే.

అసలు అవసరం ఏంటి?

ఆసియా దేశాల్లో చట్టాలు చాలావరకు బయటి నుంచి వచ్చినవే. మనకు, మలేసియాకు, సింగపూర్‌కు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. ఇండోనేసియాకు డచ్ వాళ్ల చట్టం వచ్చింది. జపాన్ జర్మనీ, ఫ్రాన్స్ చట్టాలు చూసి తన చట్టాలు రాసుకుంది. దాంతో లాయర్ల చూపు ఎప్పుడూ లండన్ వైపో, యూరప్ వైపో ఉండేది. పక్క దేశంలో అదే సెక్షన్ మీద ఏం తీర్పు వచ్చిందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

శిక్షాస్మృతినే చూడండి. మెకాలే నాయకత్వంలో 1837లో ముసాయిదా తయారైంది. 1860లో చట్టమైంది. 1862 జనవరి 1 నుంచి మన దేశంలో అమలైంది. పదేళ్లకే, 1872లో, సింగపూర్, పెనాంగ్, మలక్కాలు ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌లోనూ దాదాపు అదే రూపంలో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత రబ్బరు తోటల పనికి మలయా వెళ్లిన తెలుగు కుటుంబాలు దేశం మారినా, ఒక రకంగా చట్టం మారలేదన్నమాట.

ఒకే ప్రశ్న, రెండు జవాబులు

పోలిక ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మరణశిక్ష కేసులు చూడాలి. ఇక్కడ పుస్తకంలో మాట మనిషి ప్రాణం దాకా వెళ్తుంది.

మన శిక్షాస్మృతిలో 303వ సెక్షన్ ఉండేది. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే మరణశిక్ష తప్ప ఇంకో శిక్ష వేయడానికి వీల్లేదు. 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. నిందితుడి పరిస్థితి చూసే అవకాశం జడ్జికి లేకుండా చేయడం న్యాయం కాదంది. రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం ప్రాణం తీసే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలన్నది దీనికి ఆధారం.

సింగపూర్ రాజ్యాంగంలోనూ 9వ అధికరణం దాదాపు ఇలాగే ఉంటుంది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ప్రాణం తీయకూడదు అంటుంది. అక్కడ 15 గ్రాములకు మించి హెరాయిన్ రవాణా చేస్తే మరణశిక్ష తప్పనిసరిగా ఉండేది. 2010లో ఒక కేసులో లాయర్లు మిఠూ తీర్పును చూపించారు. సింగపూర్ అప్పీల్ కోర్టు దాన్ని చదివింది, చర్చించింది, చివరికి ఒప్పుకోలేదు. భారత కోర్టులు తమ రాజ్యాంగాన్ని చదివిన తీరు మాకు వర్తించదు అన్నది దాని సారాంశం.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2013 నుంచి సింగపూర్‌లో కేవలం సరుకు చేరవేసినవాళ్ల విషయంలో, కొన్ని షరతులు తీరితే, మరణశిక్షకు బదులు యావజ్జీవం వేసే వీలు జడ్జిలకు వచ్చింది. 2014లో మన దేశం మాదకద్రవ్యాల చట్టంలో తప్పనిసరి మరణశిక్షను తీసేసి నిర్ణయాన్ని జడ్జికి వదిలింది. 2023లో మలేసియా తప్పనిసరి మరణశిక్షలను రద్దు చేసింది. మూడు దేశాలూ తలోదారిలో వెళ్లాయి.

తెలుగు జడ్జీల ముద్ర

రాజ్యాంగ మౌలిక స్వరూపం సిద్ధాంతం ఇంకో మంచి ఉదాహరణ. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించొచ్చు కానీ, దాని మూల స్వరూపాన్ని చెడగొట్టకూడదన్నది ఈ సిద్ధాంతం.

దీనికి దారి వేసింది 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు. ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణలు చెల్లవని 6-5 మెజారిటీతో చెప్పిన ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించింది మన రాజమండ్రికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 7-6తో మౌలిక స్వరూపం సిద్ధాంతం స్థిరపడింది. ఆ 13 మందిలో హైదరాబాద్‌కు చెందిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి మెజారిటీ వైపు ఉన్నారు.

ఈ ఆలోచన వెనుక కూడా పోలికే ఉంది. జర్మన్ పండితుడు డీట్రిచ్ కాన్రాడ్ 1965లో బనారస్ హిందూ యూనివర్సిటీలో ప్రసంగిస్తూ, సవరణ అధికారానికి హద్దులుండాలని తమ దేశ అనుభవంతో వివరించారు. ఆ వాదన మన కోర్టుల దాకా వచ్చింది.

తర్వాత ఇక్కడి నుంచి బయటికి వెళ్లింది. 1989లో బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు దీన్ని ఆమోదించి ఎనిమిదో సవరణలో భాగాన్ని కొట్టేసింది. అదే ఏడాది సింగపూర్ హైకోర్టు ఒక నిర్బంధం కేసులో దీన్ని తోసిపుచ్చింది. 1977లో కాదన్న మలేసియా ఫెడరల్ కోర్టు 2018 నాటికి ఔనంది.

పరిమితులూ ఉన్నాయి

ఇలాంటి వేదికల్లో చర్చ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. థాయ్, జపనీస్, కొరియన్ భాషల్లో వచ్చే తీర్పులు అనువాదమైతే తప్ప బయటివాళ్లకు అందవు. మన జిల్లా కోర్టుల్లో తెలుగులో నడిచే వ్యవహారం సంగతీ అంతే.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. సెక్షన్ నంబర్ ఒకటైనంత మాత్రాన న్యాయం ఒకటి కాదు. పోలీసులు, జడ్జీలు, జైళ్లు, రాజకీయాలు ఎక్కడికక్కడ వేరు. పక్క దేశంలో పనిచేసిందని ఒక నిబంధనను తెచ్చుకుంటే ఇక్కడ బెడిసికొట్టొచ్చు. కొత్త చట్టం తెచ్చేటప్పుడు 'ఫలానా దేశంలో ఉంది కదా' అనే మాట మనం తరచూ వింటుంటాం. ఉందా లేదా అన్నదొక్కటే చాలదు. అక్కడ కోర్టులో ఏమైంది, ఎవరి మీద ప్రయోగించారు, తర్వాత ఎందుకు మార్చారు అన్నవి కూడా అడగాలి. ఆస్లీ లాంటి సంస్థల్లో జరిగే పరిశోధన పనికొచ్చేది సరిగ్గా అక్కడే.