ఫ్రాంక్ ఇసాక్సన్ బహుమతి

ఘన పదార్థాలలో కాంతి ప్రభావాలపై జరిగే విశిష్ట పరిశోధనకు అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే పురస్కారం. 1980లో మొదలైంది, సరిసంఖ్య సంవత్సరాలలో, అంటే రెండేళ్లకోసారి ప్రకటిస్తారు.

స్ఫటికం మీద పడిన కాంతిలో కొంత శోషణమవుతుంది, కొంత పరావర్తనమవుతుంది, అత్యల్ప భాగం మాత్రం తరంగదైర్ఘ్యం మార్చుకుని చెదురుతుంది. ఆ మార్పులను కొలిచి లోపలి ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలను, పరమాణువుల కంపనాలను రాబట్టడమే ఈ రంగం పని.

1982లో బహుమతి పొందిన యాన్ టౌట్స్ ప్రాగ్‌లో ఉండగా స్ఫటిక క్రమం లేని జెర్మేనియంపై పరిశోధించారు. శోషణ గుణకాన్ని ఫోటాన్ శక్తితో గుణించి, ఆ లబ్ధపు వర్గమూలాన్ని ఫోటాన్ శక్తికి ఎదురుగా గ్రాఫ్ గీస్తే ఒక సరళరేఖ భాగం వస్తుంది. దాన్ని కింది అక్షం దాకా పొడిగిస్తే తగిలిన చోటే పదార్థపు శక్తి అంతరం. పలుచని పొరలపై పనిచేసే ప్రయోగశాలల్లో ఈ 'టౌట్స్ ప్లాట్' నేటికీ నిత్యం వాడుకలో ఉంది. ఇంత సులువైన పద్ధతి ఇంతకాలం నిలవడం అరుదు.

1984 గ్రహీత మనుయెల్ కార్డోనా అర్ధవాహకాల వర్ణపటశాస్త్రంలో దిగ్గజం. 1994లో ఎంపికైన అనంత్ కె. రాందాస్ బెంగళూరులో సి.వి. రామన్ వద్ద శిష్యరికం చేసి, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. గురువు కనుగొన్న రామన్ ప్రభావాన్నే అర్ధవాహక స్ఫటికాల పరిశీలనకు సాధనం చేసుకున్నారు.