చుట్టుకొలత, వైశాల్యం: ఒక పాత పొరపాటు

విండ్సర్ నడిబొడ్డున ఓలెట్, గోయో వీధులు డెట్రాయిట్ నది ఒడ్డు నుంచి లోపలికి సమాంతరంగా సాగుతాయి. అవి పాత ఫ్రెంచి రైతు కుటుంబాల పేర్లు. 1749 నుంచి ఈ ఒడ్డున స్థిరపడిన రైతులకు నదే రహదారి. అందుకే ప్రతి కుటుంబానికీ కొంత ఒడ్డు దక్కేలా భూమిని సన్నని పట్టీలుగా పంచారు. ఒక్కొక్కటి సుమారు 3 ఆర్పెంట్ల వెడల్పు, 40 ఆర్పెంట్ల పొడవు (ఆర్పెంటు అంటే దాదాపు 58 మీటర్లు).

అలాంటి పొలానికి 86 ఆర్పెంట్ల కంచె కావాలి. అదే కంచెతో చతురస్రాకారపు పొలాన్ని చుడితే లోపల భూమి ఎంత ఉంటుందని మా అమ్మాయిని అడిగాను. "కంచె మారలేదుగా నాన్నా, భూమీ అంతే" అంది. లెక్కిస్తే పట్టీ వైశాల్యం 120 చదరపు ఆర్పెంట్లు, చతురస్రానిది 462 పైచిలుకు.

ఈ పొరపాటు పిల్లలకే పరిమితమైనది కాదు. 48 స్టేడియాల చుట్టుకొలత గల స్పార్టా, 50 స్టేడియాల మెగలోపొలిస్‌కు రెట్టింపు ఉంటుందంటే జనం నమ్మరని క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ విసుక్కున్నాడు. చిన్నప్పటి క్షేత్రగణితం మరిచిపోవడమే కారణమన్నాడు. భూమి పంపకాల్లో చుట్టుకొలత ఎక్కువున్న ముక్కను పొరుగువాడికిచ్చి, వైశాల్యం ఎక్కువున్నది తాము ఉంచుకుని, పైగా ధర్మాత్ములనిపించుకున్నవారి గురించి 5వ శతాబ్దపు ప్రోక్లస్ రాశాడు.

మన దేశంలో ఈ చిక్కు చతుర్భుజం దగ్గర కనిపిస్తుంది. బ్రహ్మగుప్తుడు 628లో చతుర్భుజ వైశాల్యానికి రెండు పద్ధతులు చెప్పాడు. మొదటిది స్థూలం: ఎదురెదురు భుజాల మొత్తాల్లో సగాలను గుణించడం. రెండోది సూక్ష్మం: నాలుగు భుజాల మొత్తంలో సగం తీసుకుని, దానిలోంచి ఒక్కో భుజాన్నీ తీసివేసి, వచ్చిన నాలుగు శేషాల లబ్ధానికి వర్గమూలం కట్టడం. నాలుగు శీర్షాలూ ఒకే వృత్తం మీద ఉంటేనే ఈ రెండోది నిజం. ఆ షరతు సూత్రంలో స్పష్టంగా కనిపించదు. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ రెండింటినీ చేర్చాడు. పావులూరి మల్లన తెనిగించిన సారసంగ్రహ గణితానికి మూలం ఆ గ్రంథమే.

స్థూలపద్ధతిని అజ్ఞానమనలేను. దాదాపు దీర్ఘచతురస్రంలా ఉన్న పొలానికి అది చాలు. కాకపోతే, తప్పినప్పుడల్లా ఎక్కువ వైపే తప్పుతుంది. శిస్తు కట్టేవాడికి అది చిన్న సంగతి కాదు.

1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో అసలు ప్రశ్ననే పట్టుకున్నాడు. ప్రతి భుజమూ 25 ఉన్న సమచతుర్భుజాన్ని తీసుకున్నాడు. కర్ణాలు 30, 40 అయితే వైశాల్యం 600. కర్ణాలు 14, 48 అయితే 336. చతురస్రమైతే 625. స్థూల సూక్ష్మ పద్ధతులు రెండూ మూడింటికీ 625 అనే చెబుతాయి! భుజాలు మారకపోయినా కర్ణాలు మారవచ్చు కనుక, కర్ణమో లంబమో చెప్పకుండా వైశాల్యం అడిగేవాడు పిశాచమని, జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచమని ఆయన తీర్పు. పరీక్షపత్రాలు తయారుచేసేవారు ఈ మాటను గోడకు తగిలించుకోవచ్చు.

మా అమ్మాయికి సూత్రం చెప్పలేదు. నాలుగు స్ట్రాలలోంచి దారం దూర్చి, చతురస్రంగా ముడివేసి చేతికిచ్చాను. ఒక మూల పట్టి నొక్కుతూ పోయింది. చివరకు నాలుగు స్ట్రాలూ ఒకే గీతలా అతుక్కున్నాయి. కంచె ఎంత ఉందని అడిగాను. "అంతే ఉంది" అంది, మధ్యలో వేలు పెట్టడానికి చోటు వెతుకుతూ.