ఐరోపాలో విమానయానపుఁ దొలి దినములు

పుష్పకవిమానమున నెందఱెక్కినను నింకొకరికిఁ జోటు మిగులునని మన పెద్దలు చెప్పుదురు. 1919 ఆగస్టు 25వ తేదీని లండను శివారునందలి హౌన్‌స్లో నుండి పారిసునకు బయలుదేఱిన విమానమునందో, ఒక్క ప్రయాణికునకే చోటుండెను. అతఁడొక పత్రికావిలేఖరి. మిగిలిన తావు వార్తాపత్రికలకును, తోలునకును, మీఁగడకును, వేఁటపక్షులకును సరిపోయెను. లండను పారిసుల నడుమఁ బ్రతిదినమును విమానము నడపు నేర్పాటు ఆనాఁడే యారంభమయ్యెను.

అంతకుఁ బూర్వమును జనులు గాలిలోఁ బయనించిరి. జర్మనీలో 1909లో నేర్పడిన డెలాగ్ సంఘము 1914 లోపల జెప్పెలిన్ వాయునౌకలపై సుమారు ముప్పదినాలుగు వేలమందిని ద్రిప్పెను. ప్రయాణికులలో నొక్కరికైనఁ బ్రాణహాని కలుగలేదు. కాని వారిలోఁ బెక్కండ్రు వేడుక చూడ నెక్కినవారే కాని, యూరినుండి యూరికిఁ బనిమీఁదఁ బోవువారు కారు. వేడుక ప్రయాణముగా మాఱినది యుద్ధము ముగిసిన పిమ్మటనే. వేలకొలఁది యంత్రములును, వానిని నడపనేర్చిన యువకులును బనిలేక మిగిలిరి. పైఁ జెప్పిన విమానమును బాంబులు మోయుటకై కల్పింపఁబడిన జాతిలోనిదే.

అందుఁ బోవుటకు వెల యిరువదియొక్క పౌనులు. అంత సొమ్ము పెట్టఁగలవారు కొలఁదిమంది. చలికాలపుఁ బొగమంచులో వారును రారు. ఫ్రెంచి ప్రభుత్వము తమ దేశపు సంఘములకు ధనసాహాయ్యము చేయఁగా, నవి తక్కువ వెలకే ప్రయాణికులను గొనిపోవసాఁగెను. ఇంగ్లండున మంత్రియగు చర్చిల్ మాత్రము, విమానవర్తకము ప్రభుత్వపుఁ జేయూఁత లేక తానే యెగురవలయు ననెను. 1921 ఫిబ్రవరి నెలాఖరునకు ఆంగ్లసంఘముల రాకపోకలన్నియు నిలిచిపోయెను! మార్చిలోఁ బ్రభుత్వమే ధనమిచ్చి వానిని మరల లేపెను. కూలివాఁడు తేయాకుమీఁదను, పంచదారమీఁదను జెల్లించిన పన్ను ధనికుని ప్రయాణమునకు వ్యయమగుట మాకు న్యాయముగాఁ దోఁపదు. ఐనను ఆ ధనము లేకున్న నా మార్గము ఫ్రెంచివారికే మిగిలియుండెడిదనుటయు నిజము.

ఆ దినములలో విమానచోదకులు క్రిందనున్న రాజమార్గములను, రైలుపట్టాలను జూచుకొనుచుఁ ద్రోవ తెలిసికొనెడివారు. 1922 ఏప్రిల్ 7వ తేదీని ఫ్రాన్సునందలి పికార్డీ ప్రాంతమున, పారిసునుండి వచ్చు ఫ్రెంచి విమానమును, లండనునుండి పోవు నాంగ్లవిమానమును బొగమంచులో నెదురెదురుగా వచ్చి ఢీకొనెను. రెంటిలోని యేడుగురును మరణించిరి. వారిలోఁ జోదకునకుఁ దోడుగా వచ్చిన బాలుఁడొకఁడు. ఆకాశమున నంత చోటుండఁగా నీ రెండును నొకే గీఁతమీఁదికి వచ్చుటకుఁ గారణము, నేలమీఁద నిరువురును నమ్ముకొన్న యా బాటయే. పిమ్మట సంఘములవారు కూడి, బాట వెంబడి యెగురువారందఱును గుడిప్రక్కకుఁ దొలఁగి పోవలయునని కట్టడి చేసికొనిరి. ఎదురుబండి కనఁబడిన నెడమకుఁ దొలఁగుట మన పల్లెలలోని యెద్దులకును దెలియును. ఆకాశమునఁ గుడియెడమలు స్థిరపడుటకు నేడు ప్రాణములు పోవలసివచ్చెను.

1924లో ఇంగ్లండునందలి నాలుగు సంఘములు కలిసి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అయ్యెను. పదేండ్లలోఁ బది లక్షల పౌను లిత్తుమని ప్రభుత్వము మాట యిచ్చెను. జర్మనీలో 1926లో లుఫ్త్ హన్సాయు, ఫ్రాన్సులో 1933లో ఎయిర్ ఫ్రాన్సును నిట్లే చిన్నవాని కలయికచేఁ బుట్టినవి. విలేఖరిని, మీఁగడను మొదట పారిసు చేర్చిన సంఘము మాత్రము ఆ దినములు చూడలేదు. 1920 డిసెంబరులోనే దాని విమానములు నేలకు దిగెను.