నాగార్జునకొండ: స్థానిక దృష్టి, పురావస్తు పరిశోధన, ప్రజల చరిత్ర

పురావస్తు స్థలాల ఆధునిక చరిత్రను తవ్వకాలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఎవరు, ఏ సంవత్సరంలో, ఎన్ని దఫాలుగా తవ్వారో చెప్పి, బయటపడిన వస్తువుల వివరణతో ఆ కథ ముగుస్తుంది. తవ్వకానికి ముందే అక్కడి రాయి మామూలు రాయి కాదని గుర్తించినవారి ప్రస్తావన ఒక వాక్యానికి మించదు. తవ్వకం ముగిశాక ఆ జ్ఞానం స్థానికులకు ఏ రూపంలో చేరిందన్న ప్రశ్న తరచుగా రాదు. నాగార్జునకొండ విషయంలో ఈ రెండు అంశాలను కలిపి పరిశీలిస్తే, ప్రజల కోసం జరిపే చరిత్ర, పురావస్తు కార్యక్రమాల స్వరూపం ఎలా ఉండాలో కొంత స్పష్టమవుతుంది.

నాగార్జునకొండ లోయ పూర్వపు గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలోనిది. మూడు వైపులా కొండలు, ఒక వైపు కృష్ణానది దానికి ఎల్లలు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక పాఠశాల ఉపాధ్యాయుడు అక్కడ ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ సమాచారం మీద శాసన విభాగంలో తెలుగు సహాయకులుగా ఉన్న ఎ. ఆర్. సరస్వతి వచ్చి స్థల ప్రాముఖ్యాన్ని గుర్తించారు. తరువాత 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి. ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. ఇక్కడి ప్రాకృత శాసనాలను వోగెల్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. ఈ క్రమం గమనార్హం. శాసనాన్ని చదవడానికి లిపిజ్ఞుడు కావాలి. దాన్ని గుర్తించడానికి మాత్రం ఆ నేలమీద తిరిగే మనిషి కావాలి. రెండవ వ్యక్తి లేకుంటే మొదటి వ్యక్తికి పని లేదు.

అయితే స్థానిక దృష్టి ఒక్కటే చరిత్ర కాజాలదు. ‘నాగార్జునకొండ’ అనే వ్యవహారనామం ఆచార్య నాగార్జునుని తలపిస్తుంది. శాసనాల్లో కనిపించే పేర్లు మాత్రం విజయపురి, శ్రీపర్వతం. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇది ఇక్ష్వాకుల రాజధాని. ఇక్కడి మహాచైత్యాన్ని ప్రతిష్ఠించింది వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో అది జరిగింది. బోధిసిరి అనే ఉపాసిక తన దానాలను వివరంగా చెక్కించింది. ఆ శాసనం సింహళ దేశపు ఆచార్యులను కూడా పేర్కొంటుంది. యుద్ధాల్లో మరణించిన వారి స్మృతిగా నిలిపిన ఛాయాస్తంభాలు రాజవంశానికి వెలుపలి మనుషులనూ చరిత్రలోకి తెచ్చాయి. ఈ వివరాలేవీ జనశ్రుతిలో లభించేవి కావు. కాబట్టి జనశ్రుతిని తోసిపుచ్చనవసరం లేదు గాని, శాసనంతో సరిపోల్చి చూడడం తప్పనిసరి.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునగబోతున్నందున 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృతంగా తవ్వకాలు సాగాయి. ముఖ్య కట్టడాలు కొన్నింటిని కొండమీదికి, అనుపుకు తరలించి పునర్నిర్మించారు. కొండ ద్వీపమైంది. అక్కడి మ్యూజియానికి నేడు లాంచీలో వెళ్లాలి. భారత పురావస్తు చరిత్రలో ఇది గొప్ప రక్షణ కార్యం. కానీ రక్షింపబడింది ప్రధానంగా శిల. పుల్లారెడ్డిగూడెం వంటి లోయ గ్రామాలవారు ఏ దిబ్బను ఏమని పిలిచేవారు, ఏ పొలానికి ఏ పేరుండేది, శిథిలాల గురించి ఏ కథలు చెప్పుకునేవారు అన్నవి తవ్వకాల నివేదికల ప్రధాన విషయాలు కావు. అవి నిర్వాసితుల జ్ఞాపకాల్లోనే మిగిలాయి. శంకుస్థాపన నాటికి పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు ఎనభై ఏళ్లకు చేరుకున్నారు. నీటిలో మునిగిన దానికంటే వేగంగా ఈ ఆధారం కనుమరుగవుతున్నది.

ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవం, నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం జరుపుకుంటున్నాం. ప్రదర్శనలు, వ్యాసరచన పోటీలు ఉత్సాహాన్ని కలిగిస్తాయి. అయితే ఉత్సాహం జ్ఞానంగా మారాలంటే మూడు పనులు జరగాలి. మొదటిది, శాసనమున్న ఊరిలోనే ఆ ఊరివారి సమక్షంలో దాన్ని చదివి, తెలుగులో తాత్పర్యం చెప్పడం. రెండవది, వృద్ధుల నోట స్థలనామాలను, ఐతిహ్యాలను నమోదు చేసి, వాటి ప్రతిని ఆ ఊరి పాఠశాలకు అందజేయడం. మూడవది, పాత రాయి కనబడితే కదిలించకుండా, కొలతలు, ఫొటో తీసి, ఎవరికి తెలపాలో విద్యార్థులకు నేర్పడం. గుప్తనిధుల ఆశతో శిథిలాలయాలను తవ్వే దురాచారానికి చట్టం ఒక్కటే విరుగుడు కాదు. రాయి విలువ దాని కింద ఉందనుకున్న బంగారంలో కాక దానిమీది అక్షరంలో ఉందని ఊరికి తెలియడమే అసలైన కాపలా.

ఈ పనుల్లో మొదటి రెండూ తెలుగు శాఖల పరిధిలోనివే. శాసన భాష, స్థలనామాలు, మౌఖిక సాహిత్యం పాఠ్యాంశాలుగా ఇప్పటికే ఉన్నాయి. వాటిని తరగతి గది నుంచి ఊరికి తీసుకువెళ్లవలసి ఉంది. నాగార్జునకొండ చరిత్రలో ఒక ఉపాధ్యాయుడు పరిశోధకులకు సమాచారం ఇచ్చారు. పరిశోధకులు అదే బాధ్యతతో ఊరికి సమాధానం చెప్పినప్పుడే స్థానిక చరిత్ర ప్రజల చరిత్ర అవుతుంది.