మిరియం లేని మందు

కిందటి డిసెంబరులో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో, నడిబజారులో నించుని ఉండగా నాకు బిర్యానీ వాసన వేసింది. నవ్వకండి. దాల్చినచెక్క, లవంగం, అనాసపువ్వు కలిసి వేడెక్కితే వచ్చే వాసన బిర్యానీది కాక మరెవరిది? స్వెట్టరు మీద కోటు, కోటు మీద శాలువా చుట్టుకుని, ముక్కు ఒక్కటే బయటపెట్టుకున్న నాకు ప్రాణం లేచొచ్చింది.

“బిర్యానీ కాదు పిన్నీ, గ్లూవైన్! ద్రాక్షసారా వేడి చేసి అమ్ముతారు” అంది మా అక్క కూతురు. దానికి అక్కడే ఉద్యోగం.

అది 1434లో మొదలైన క్రిస్మస్ సంత. దీపాల వెలుగులో జనం పింగాణీ కప్పులు రెండు చేతులా పట్టుకుని, ఆవిరి మొహానికి తగిలేలా వంగి, ఊదుకుంటూ తాగుతున్నారు. చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇచ్చిన కషాయం మేమూ అచ్చం అలాగే తాగేవాళ్ళం. కానీ ‘సారా’ అన్న మాట వినగానే నా చెయ్యి కోటు జేబులోంచి బయటికి రానంది. ఎందుకో తరవాత చెబుతాను.

మర్నాడు సాయంత్రం మా పిల్ల ఇంట్లోనే కాచి చూపించింది. పక్కింటి ముసలావిడ నేర్పిందట. సీసాడు ఎర్రవైను గిన్నెలో పోసి, ఒక దాల్చినచెక్క, నాలుగైదు లవంగాలు, ఒక అనాసపువ్వు, చక్రాలుగా కోసిన నారింజకాయ, మూడు చెంచాల పంచదార వేసి, సెగ బాగా తగ్గించి మూత పెట్టింది. “మరగనివ్వకూడదు పిన్నీ, ఆవిరి లేస్తే చాలు” అంది. నాకు విచిత్రమనిపించింది. మన కషాయమైతే గ్లాసుడు నీళ్ళు పావుగ్లాసయ్యేదాకా మరగాలి కదా! ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుందట. సెగ ఎక్కువైతే అదీ పోతుంది, రుచీ చెడుతుంది. అలాగని పొయ్యి మీద పెట్టగానే అంతా ఎగిరిపోతుందనుకునేరు! అరగంట ఉడికినా మూడోవంతు దాకా మిగిలే ఉంటుంది.

ఆ గిన్నెలోకి తొంగి చూస్తుంటే, ఎప్పుడో బి.ఏ.లో చదివిన చరిత్ర ఊరుకోనిచ్చిందా? అందులో వైను ఒక్కటే వాళ్ళది. తక్కిన సరుకంతా మన తూర్పు దిక్కునుంచి వెళ్ళినదే. దాల్చినచెక్క సింహళానిది. లవంగం ఇండొనేషియాలోని మొలుక్కా దీవులది. ఇంక పేర్లంటారా, మన శర్కర వాళ్ళకి షుగరయింది. నారంగం ఆరెంజి అయింది. శృంగవేరం జింజరయింది. పిప్పలి అయితే ఇల్లు మారడమే కాక ఒంటిపేరూ మార్చుకుని, మిరియానికి పెప్పరని పేరు పెట్టించింది.

మసాలా వేసి వైను కాచడం రోమను వాళ్ళనాటి అలవాటే. అపీషియస్ పేరుతో మనదాకా వచ్చిన వాళ్ళ వంటల పుస్తకంలో మొట్టమొదటి వంటకం ఇదే. తేనె, వైను కలిపి రాగిపాత్రలో కాచి, పొంగితే వైను చిలకరించి, దించి చల్లార్చి, మళ్ళీ పొయ్యెక్కించి, అందులో మిరియాలపొడి, కుంకుమపువ్వు, ఖర్జూరాలు, ఇంకా ఒక ఆకూ వెయ్యమన్నారు. ఆ ఆకు మనం బిర్యానీలో వేసే ఆకుపత్రేనని పండితులు భావిస్తారు. చూశారా, నా ముక్కు అబద్ధం చెప్పలేదు!

ఆ మిరియాలు కేరళ తీరంలోని ముజిరిస్ రేవునుంచి ఓడలెక్కేవి. ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్ము మన దేశానికి తరలిపోతోందని క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ అనే పెద్దమనిషి వాపోయాడు. ఘాటు తప్ప ఏ సుగుణమూ లేని ఈ గింజ కోసం ఇండియా దాకా పరుగులా అని ఆయన దిగులు. ఇంటి ఖర్చుల పద్దు చూసుకునే మగవారి ధోరణి ఏ దేశంలోనైనా ఒకటేనేమో! మన నాగార్జునకొండ తవ్వకాల్లో కూడా రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి మరి.

రోము పోయింది గాని ఆ గిన్నె పొయ్యి దిగలేదు. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డుగారి వంటవాళ్ళు రాసిపెట్టిన పుస్తకంలో అదే ‘హిపోక్రాస్’ అన్న పేరుతో కనిపిస్తుంది. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరది. మసాలా వైనును వడకట్టే సంచిగుడ్డని ఆయన చొక్కాచెయ్యి అనేవారు. ఆ గుడ్డ పేరే పానీయానికీ వచ్చింది. వైద్యుడి పేరు పెట్టాక అది మందు కాక ఏమవుతుంది? భోంచేశాక అరుగుదలకి ఒక గుక్క, చలికి ఒక గుక్క.

ఈ పేరు ఎంత పని చేసిందో చూడండి. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి రోజూ డైరీ రాసుకునేవాడు. పాపం, వైను ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. 1663 అక్టోబరు 29న నగర మేయరు విందులో ఆయన ముందుకి హిపోక్రాస్ వచ్చింది. తాగేశాడు! ఇది నాలుగు దినుసులు కలిపిన పానీయమే గాని వైను కాదు కనక ఒట్టు చెడలేదని ఆ రాత్రి డైరీలో తీర్పు రాసుకున్నాడు. పైగా, ఒకవేళ తను పొరబడితే దేవుడు మన్నించాలని ఒక విన్నపమూ చేర్చాడు. అంటే మనసులో ఎక్కడో తెలుసన్నమాట.

అది చదివి నేను పకపకా నవ్వాను. నవ్వు ఆగాక మా పెదనాన్న గుర్తొచ్చారు.

మన తెలుగులో ఇంకా సులువు. హిపోక్రటీస్ దాకా వెళ్ళక్కర్లేదు. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం సీసాలోంచి పోసుకునేదీ మందే. పెదనాన్నకి చలికాలంలో దగ్గు. పెద్దమ్మ శొంఠి, మిరియాలు దంచి కషాయం కాచి, గుడ్డలో వడకట్టి గ్లాసు పట్టుకెళ్ళేది. “అక్కడ పెట్టు, నా మందు నేను వేసుకున్నాలే” అనేవారాయన, బీరువాలోని బ్రాందీ సీసాకేసి చూపిస్తూ. మొదట చెంచాడు, తరవాత ఔన్సు, ఆ తరవాత కొలతే లేదు. దగ్గు పోయింది, చలికాలమూ పోయింది, మందు మాత్రం పోలేదు. 1990లో లివరు పాడై ఆయనే పోయారు. చివరిదాకా ఇంట్లో ఎవరమూ దాన్ని వేరే పేరుతో పిలవలేదు. పిలిస్తే పరువు పోతుందని.

రెండేళ్ళ తరవాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారని పేపర్లో చదివి పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “వాళ్ళు దాన్ని సారా అనే అన్నారే. మేం మందన్నాం” అంది. అంతే.

ఆ సాయంత్రం మా పిల్ల ఇంటికి పక్కింటి ముసలావిడ వచ్చింది. పొయ్యి మీద రెండో గిన్నె కూడా ఉంది. అందులో అవే దినుసులతో ఉత్త ద్రాక్షరసం కాగుతోంది. సంతల్లో పిల్లలకి అలాంటిదే పోస్తారట. ఆవిడ ఒక్కొక్క గిన్నే చూపించి, “ఇందులో వైనుంది, ఇందులో లేదు. మీకేది?” అని అడిగింది. అంతకుమించి దాపరికమూ లేదు, బలవంతమూ లేదు. తను మాత్రం వైను ఒక్క కప్పు తాగి, కప్పు బోర్లించేసింది. నేను రసం తీసుకున్నాను. రెండు చేతులా పట్టుకుని, ఆవిరి మొహానికి తగిలేలా వంగి, ఊదుకుంటూ తాగాను. చెప్పొద్దూ, ఎంత బాగుందో!

రాత్రి పెద్దమ్మకి ఫోను చేశాను. ఎనభై దాటినా ఆవిడకి అన్నీ కావాలి. దాల్చినచెక్క దగ్గర్నుంచి హిపోక్రటీస్ దాకా అంతా చెప్పాను. ఓపిగ్గా విని, “ఇంతకీ అందులో మిరియాలు వేశారా?” అంది.

“పూర్వం వేసేవారట పెద్దమ్మా. ఇప్పుడు చాలామంది వెయ్యరు.”

“మిరియం లేకుండా మందెలా అవుతుందే, పిచ్చిదానా!” అని నవ్వింది.