ఆనకట్టయు ఏటిగట్టును

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కాలువనీరు గాలివలె సహజముగా తోచును. వేసవి ముగియగానే లాకులెత్తుట, కొంతకాలమునకు ఎఱ్ఱనీరు దిగుట, నారుమళ్ళు తడియుట, ఇవియన్నియు ఋతుధర్మములలో చేరిపోయినవి. కాని ఈ యేర్పాటునకు ఇంకను రెండువందల యేండ్లు నిండలేదు. అంతకు ముందును ఇదే నేల, ఇదే నది. అయినను జనులు ఒక యేడు నీరు లేకయు, మఱియొక యేడు నీరెక్కువయ్యు నశించుచుండిరి.

నందన సంవత్సరపు కరువు (1832-33) ముఖ్యముగా గుంటూరు సీమను పీడించినను దాని తాకిడి గోదావరి ప్రాంతమునకును తగిలెను. 1839లో తుపానునకు సముద్రము పొంగి కోరంగి రేవును ముంచివేసెను. ప్రభుత్వపు లెక్కలనుబట్టియే 1821 మొదలు 1841 లోపల రాజమహేంద్రవర జిల్లా జనసంఖ్య నాలుగవవంతుకు దగ్గఱగా తగ్గెను. తగ్గినవారందఱును మరణించిరని కాదు. ఊళ్ళు విడిచి వలసపోయినవారును అందులో గలరు. శిస్తు రాబడి పడిపోయినపుడు గాని కుంపిణీవారికి ఈ దుస్థితి కానరాలేదు. ఈ మాట కఠినముగా తోచవచ్చును గాని, 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా స్థితినిగూర్చి నివేదిక వ్రాయుటకు మూలమిదియే. నదిని కట్టుటకు తగినవాడు కాటన్ అను ఇంజనీరని ఆ సందర్భముననే సూచింపబడెను.

ఆర్థర్ కాటన్ (1803-1899) అప్పటికే కావేరి, కొల్లిడము నదులపై పనిచేసి పేరుగాంచినవాడు. ఆయన 1844, 1845 సంవత్సరములలో నివేదికలు పంపగా, 1846 చివర అనుమతి వచ్చెను. 1847లో పని మొదలై 1852 మార్చి 31వ తేదీతో ముగిసెను. ధవళేశ్వరము వద్ద గోదావరి వెడల్పు లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ళు. ఇంత వెడల్పైన చోట కట్టుట వెఱ్ఱియని తోచును. కాని వెడల్పున్న చోట లోతు తక్కువ, వడి తక్కువ. నడుమనున్న లంకలు నదిని నాలుగు పాయలుగా చీల్చును. కావున ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచెను. రాతికట్టు మొత్తము రెండుంబాతిక మైళ్ళు. ఎత్తు నదీగర్భమునుండి పండ్రెండడుగులు మాత్రమే.

ఇందలి అసలు చిక్కు పునాది. గోదావరి అడుగున రాయి లేదు, ఎంత త్రవ్వినను ఇసుకయే. దీనికి ఉపాయము సీమనుండి రాలేదు. కావేరిపై చోళరాజుల కాలమున కట్టిన పెద్ద ఆనకట్ట ఇసుకమీదనే వందల యేండ్లుగా నిలిచియుండెను. నదిలో రాళ్ళు వేయవలెను, వరద వచ్చి రాళ్ళక్రింది ఇసుకను కోసివేయును, రాళ్ళు దిగిపోవును, వానిపై మరల రాళ్ళు వేయవలెను. ఇట్లు కొన్ని వరదలు గడచిన పిమ్మట రాయి ఇక దిగదు. పేరు లేని పూర్వులు కనుగొన్న ఈ కిటుకును తాము వారియొద్దనే నేర్చుకొంటిమని కాటన్ దాచక చెప్పెను. పనివారిని కూర్చి నడిపిన వీణెం వీరన్న యొక్క సహాయమును గూడ ఆయన మెచ్చుకొనెను. డెల్టా యందు కాటన్ విగ్రహము లేని ఊరు అరుదు. వీరన్న పేరు మాత్రము ధవళేశ్వరపు శిలాఫలకము చదివినవారికే తెలియును. ధవళేశ్వరపు కొండనుండి రాయి మోసిన కూలీలకు ఆ ఫలకమైనను లేదు.

నీటి వెంట పడవలు వచ్చెను. 1853లో కట్టిన గన్నవరపు అక్విడక్టు నలుబదితొమ్మిది కమానులతో వైనతేయపాయను దాటి కోనసీమ నడిబొడ్డునకు కాలువను చేర్చెను. బియ్యము, కొబ్బరి, ప్రయాణికులు కాలువలమీదనే కదలుచుండిరి. ఇంతకును కాలువ మోసినది ధాన్యమునే కాదు. కృష్ణా కాలువపై 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో గ్రంథాలయమును నడిపి ఊరూర పుస్తకములు పంచిన సంగతి గ్రంథాలయోద్యమము నెఱిగినవారికి క్రొత్త కాదు.

అయితే ఒక విషయమున జనులలో పొరపాటు అభిప్రాయము పాతుకొని యున్నది. ఆనకట్ట వరదను ఆపునని పలువురు తలంతురు. అది ఆపదు. పండ్రెండడుగుల గోడ వరదగోదావరికి ఒక మెట్టు మాత్రమే. నీరు దానిపైనుండి దూకి పోవును. ఆనకట్ట పని తక్కువ నీటిని కాలువ మట్టమునకు ఎత్తుట. వరదనుండి ఊరిని కాచునది ఏటిగట్టు. ఆనకట్టకు విగ్రహములు, ఉత్సవములు కలవు. మట్టిగట్టుకు ఏమియు లేదు. కాని గండి పడిన యేడు గట్టు విలువ తెలియని ఇల్లుండదు.

గట్టును కాచుట ఒకప్పుడు ఊరివారందఱి విధి. 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమ చట్టమును చేసెను. చెఱువుగట్టో ఏటిగట్టో తెగు ప్రమాదము వచ్చినపుడు గ్రామములోని శక్తిగలవారిని అధికారులు పనికి పిలువవచ్చును. రానివారికి శిక్ష గలదు. ఇది నిర్బంధమే, అందులో సందేహము లేదు. అట్టి పిలుపు ఎవరి గుమ్మమున ముందు వినబడునో, ఎవరి గుమ్మమును దాటిపోవునో పల్లెలనెఱిగినవారు ఊహింపగలరు. అయినను గట్టు ఎక్కడ చెమ్మగిల్లుచున్నదో, ఎక్కడ ఎలుక బొరియలు పెట్టినదో ఊరివారికి తెలిసిన కాలమది. తరువాత ఆ బాధ్యత క్రమముగా లస్కరులకు, ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు చేరినది. 1997లో వచ్చిన చట్టము నీటి సంఘములద్వారా రైతులకు కొంత అధికారము నిచ్చెను గాని, అది కాలువలకు సంబంధించినది; గట్టుకు కాదు.

మురుగు సంగతియు నిట్టిదే. నీరు తెచ్చుటకు పడిన శ్రమ దానిని పంపుటకు పడలేదు. 1964 వరదలలో కృష్ణా, గోదావరి డెల్టాల చేలు దినములకొలది మునిగియుండగా మిత్రా సంఘము నియమింపబడెను. 1968లో డ్రైనుల బాగుకొఱకు ప్రత్యేక సుంకమును శాసించిరి. త్రవ్విన డ్రైనులు గుఱ్ఱపుడెక్కతో, ఆక్రమణలతో పూడుచునే యున్నవి.

ఇక వరదల లెక్క. 1953 ఆగష్టులో ధవళేశ్వరమున సుమారు 30 లక్షల క్యూసెక్కుల నీరు పోయెను. వృద్ధమైన ఆనకట్ట చాలదని తేలగా 1970లో బ్యారేజి నిర్మాణము మొదలై 1982లో ముగిసెను. దానికి కాటన్ పేరే పెట్టిరి. అంతలో 1986 ఆగష్టు 16న భద్రాచలమువద్ద నది 75.6 అడుగులకు లేచి, ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు దాటెను. గట్లు తెగి కోనసీమ, యానాము జలమయమయ్యెను. 2006 ఆగష్టులో నీరు అంతకంటె తక్కువయే, అయినను కోనసీమలో గట్టుకు గండి పడెను. గట్టు బలము దాని ఎత్తులో మాత్రమే లేదని ఆ యేడు తెలిసెను.

ఈ వరద ధవళేశ్వరమున పుట్టునది కాదు. త్ర్యంబకమునుండి 1465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు ఈ నదికి పెద్ద వరద నిచ్చునవి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. వాన పడునది విదర్భలో, బస్తరులో, ఒడిస్సా కొండలలో. ఫలితము అనుభవించునది డెల్టా. నీటి పంపకమునకై 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు 1980లో తుది తీర్పు నిచ్చెను. అందు పోలవరము స్పిల్‌వేకు అనుకొన్న వరద 36 లక్షల క్యూసెక్కులు. ఆఱేండ్లలోనే నది ఆ అంకె అంచునకు వచ్చి చూపెను. తరువాత ఆ లెక్కను 50 లక్షలకు పెంచిరి. అంకె పెరిగినపుడు పనియు, ఖర్చును, మునక భయమును పెరుగును; ఆ భయము మోయువారు శబరి, గోదావరి ఒడ్డుల కోయ, కొండరెడ్డి పల్లెలవారు.

వాతావరణపు మార్పు ఈ లెక్కలను మఱింత కదల్చుచున్నది. 1950 మొదలు 2015 వరకు మధ్యభారతమున విస్తారముగా పడు అతివృష్టులు సుమారు మూడింతలైనవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గోదావరి తల యున్నది ఆ మధ్యభారతముననే. మహావరద ఆగష్టునాటిదని పెద్దల అనుభవము. కాని 2022లో జూలై 16వ తేదీకే భద్రాచలమున 71.3 అడుగులు తాకెను. ధవళేశ్వరమున 25 లక్షల క్యూసెక్కులు మించెను. సార్వా నారుమళ్ళు నీటిపాలయ్యెను. మఱియొక ప్రక్క, ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే డెల్టా నేలకు క్రొత్త మన్ను చేరుట తగ్గినది, సముద్రమట్టము పెరుగుచున్నది. పోటు సమయమున డ్రైను నోటివద్ద నీరు సముద్రములోనికి దిగక వెనుకకు తన్నును.

ఇన్ని లెక్కలలోను లంకవారి లెక్క వేఱు. గట్టు వెలుపలి ఊళ్ళను కాచుటకు గట్టును పెంచిన కొలదియు, గట్ల నడుమ ఇమిడిన నీరు ఎత్తునకు లేచును. ఆ నడుమనే లంకలున్నవి. పొగాకు, కూరగాయలు, అరటి పండించి పట్టణములకు పంపువారు వీరే. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరమున అవియే 11.75, 13.75, 17.75 అడుగులు. పైనుండి నీరు క్రిందికి వచ్చులోపల దొరకు గడువే వారి ఆస్తి. రెండవ హెచ్చరిక వినబడునప్పటికే లంకరైతు పశువులను గట్టెక్కించును. గింజలు, పిల్లలు, ముసలివారు తరువాతి పడవలో వత్తురు. గట్టుమీద టార్పాలిను క్రింద ఎన్ని దినములుండవలెనో, నీరు దిగినపిమ్మట తన పొలము అక్కడనే యుండునో లేక కోతపడి యేటిలో కలియునో, ఏ హెచ్చరికయు ఆతనికి చెప్పదు.