గోడరాత నుండి కుడ్యచిత్రం దాకా: విద్యార్థి ‘పేరు’ ప్రస్థానం

1. ఉపోద్ఘాతం

పాఠశాల బల్లలపై, తలుపులపై, ప్రహరీ గోడలపై విద్యార్థులు రాసే రాతల్లో తరచుగా కనిపించేది పేరు: తమ పేరు, స్నేహితుని పేరు, ఇష్టపడిన వారి పేరు. విద్యాసంస్థలు దీనిని క్రమశిక్షణా సమస్యగా భావించి సున్నంతో కప్పివేయడం పరిపాటి. ఇటువంటి రాతను సృజన వైపు మళ్ళించిన రెండు అమెరికా నగరాల అనుభవాన్ని పరిశీలించి, ఆ క్రమంలో పేరు ఏమైందో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఒక మారుపేరు కథ

ఆధునిక గ్రాఫిటీకి ఆద్యుల్లో ఒకరిగా చరిత్రకారులు ఫిలడెల్ఫియాకు చెందిన డారిల్ మెక్‌క్రేను పేర్కొంటారు. 1965లో బాలల సంస్కరణ కేంద్రంలో ఉన్నప్పుడు, మొక్కజొన్న రొట్టె కావాలని వంటవాణ్ణి పదేపదే అడగడం వల్ల అతనికి ‘కార్న్‌బ్రెడ్’ అనే మారుపేరు వచ్చింది. ముఠాల పేర్లతో నిండిన ఆ గోడలపై అతడు తన పేరు రాసుకున్నాడు. విడుదలయ్యాక, 1967లో, తోటి విద్యార్థినిపై ఇష్టాన్ని ఆమె ఉండే పరిసరాల గోడలపై ప్రకటించాడు. ముఠా రాత ఒక ప్రాంతంపై అధికారాన్ని చాటితే, ఈ రాత ఒక బాలుని ఉనికిని చాటింది.

3. న్యూయార్క్: పేరును నిలిపిన ప్రయత్నం

ఈ ధోరణి 1970 దశకం ఆరంభానికి న్యూయార్క్ భూగర్భ రైళ్ళకు విస్తరించింది. 1972లో ఆ నగరం గ్రాఫిటీ వ్యతిరేక చట్టం చేసింది. అదే సంవత్సరం, సిటీ కళాశాలలో సమాజశాస్త్ర విద్యార్థిగా ఉన్న హ్యూగో మార్టినెజ్ గోడలపై రాసే యువకులను ‘యునైటెడ్ గ్రాఫిటీ ఆర్టిస్ట్స్’ అనే సంఘంగా కూర్చాడు. వారి చిత్రాలు 1973లో రేజర్ గ్యాలరీలో ప్రదర్శితమయ్యాయి. ట్వైలా థార్ప్ రూపొందించిన ‘డ్యూస్ కూప్’ నృత్యంలో వారు వేదికపైనే రంగులతో రాశారు. ఇక్కడ మారింది ఆధారతలం మాత్రమే. గోడకు బదులు కాన్వాసు వచ్చినా, దానిపై వారి పేరు అలాగే నిలిచింది.

4. ఫిలడెల్ఫియా: పేరు స్థానంలో చిత్రం

1984లో ఫిలడెల్ఫియా మేయర్ విల్సన్ గూడ్ గ్రాఫిటీ నిర్మూలనకు ‘యాంటీ గ్రాఫిటీ నెట్‌వర్క్’ను నెలకొల్పాడు. ఇకపై గోడలపై రాయబోమని ప్రతిజ్ఞాపత్రంపై సంతకం చేసినవారికి శిక్ష తప్పింది. గోడలు శుభ్రపరచే పని వచ్చింది. అందులో చేరిన కుడ్యచిత్రకారిణి జేన్ గోల్డెన్ ఆ యువకుల చేతుల్లోని నేర్పును గుర్తించి, వారిని కుడ్యచిత్ర రచనకు పురికొల్పింది. 1996లో ఆ సంస్థ పేరే ‘మ్యూరల్ ఆర్ట్స్ ప్రోగ్రామ్’గా మారింది. చెరపడానికి పుట్టిన వ్యవస్థ చిత్రించే వ్యవస్థ అయింది. అయితే కుడ్యచిత్ర వస్తువును స్థానిక ప్రజలతో చర్చించి నిర్ణయిస్తారు. రంగు వేసే చేయి విద్యార్థిదే అయినా, గోడపై ఉన్నది సమష్టి భావన. అతనికి శిక్షణ, గౌరవం లభించాయి. ఒంటరిగా రాసుకున్న పేరు మాత్రం పక్కకు తప్పుకుంది.

5. ముగింపు

మొదటి మార్గం వ్యక్తిని నిలిపింది, రెండవది అతనిని సమాజంతో కలిపింది. ఈ రెండింటినీ జతచేయగల సాధనం మన పాఠశాలలకు కొత్తది కాదు, అది గోడపత్రిక. అందులో రచన పదిమందీ చదివేదిగా ఉంటుంది, కింద రాసినవారి పేరూ ఉంటుంది. కాని అక్కడ చోటు తరచు చక్కని దస్తూరి, మంచి మార్కులు ఉన్నవారికే దక్కుతుంది. బల్లపై పేరు చెక్కిన విద్యార్థి దాని ముందు పాఠకుడిగానే మిగిలిపోతాడు. సంస్కరణ కేంద్రపు గోడపై రాసిన బాలుణ్ణి చరిత్ర గుర్తుంచుకున్నది అతని దస్తూరిని చూసి కాదు. కనుక విద్యార్థికి గోడ ఇవ్వడంతోనే ఉపాధ్యాయుని బాధ్యత తీరదు. ఆ గోడపై ఇంతవరకు ఎవరి పేరు లేదో చూసి, ముందుగా ఆ పేరుకు చోటివ్వడం అవసరం.